కారు చల్లబడేదాకా

నా చిన్నప్పుడు బెల్లంపల్లిలో, మా క్వార్టర్ ముందు ఒక మహాయుద్ధం జరిగింది. రెండు వంశాల పగ, ఒక ఆడపడుచు కన్నీళ్లు, చివరికి జలప్రళయం. తీరా చూస్తే ఒక కారు కడిగారు, అంతే. అయినా ఆ సాయంత్రాన్ని నేను ఇప్పటికీ మరిచిపోలేదు.

ముందు వంశాల పగ సంగతి. మా బాపు బొగ్గుబాయిలో పనిచేసేవాడు. మా దగ్గర గనిని బాయి అంటారు, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. అవ్వ తమ్ముడైన మా మామ పెళ్లి విందులో బాపు విస్తరిలో నల్లి బొక్క, అంటే మూలుగ ఎముక, పడలేదు. పక్కాయనకు రెండు పడ్డాయి. ఇంటి అల్లుడికి ఇంతకన్నా అవమానం ఏముంటుంది? బాపు సగంలో లేచి చెయ్యి కడుక్కున్నాడు. మామ బతిమాలలేదు. అప్పటినుంచి మాటలు లేవు, రాకపోకలు లేవు. ఒక ఎముక పుణ్యాన మా అవ్వకు పుట్టిల్లు దూరమైంది. అమ్మమ్మకు ఒంట్లో బాగుండటం లేదని కబుర్లు వస్తూనే ఉండేవి. అవ్వ వింటూనే ఉండేది.

ఆ రోజు మామ తానే వచ్చాడు, కొత్త నల్ల కారులో. బాపు డ్యూటీలో ఉన్నాడు. "అక్కా, పొద్దుగూకే వరకు తయారుండు, తోల్కపోత" అని చెప్పి, కారు మా ఇంటి ముందే పెట్టి, ఏదో పనుందని దోస్తు బండి మీద బజారుకు వెళ్లాడు. బావ పంపుతాడా అని మాత్రం అడగలేదు. అవ్వ సంచి సర్దింది, విప్పింది, మళ్లీ సర్దింది.

బాపు డ్యూటీ దిగి వచ్చేసరికి కారు మీద బొగ్గు లారీల దుమ్ము మందంగా పేరుకుని ఉంది. అవ్వ చెప్పింది విని ఆయన పంపుతాననలేదు, పంపననలేదు. తప్పయిందనే మాట మా బాపు నోట రాదు. దాని బదులు ఏదో ఒక పని చేసిపెడతాడు. భుజం మీది తువ్వాల తీసి బానెట్‌ను గట్టిగా రుద్దాడు. గర్రుమంది. ఇంకోసారి రుద్దేసరికి, వాకిట్లో కూర్చున్న మా తాత "ఆగురా" అన్నాడు.

అప్పటికే బానెట్ మీద సన్నటి తెల్లటి గీతలు పడ్డాయి. అవ్వ తలుపు పట్టుకుని నిలబడిపోయింది. బొక్కకే ఇంత పగ అయితే కొత్త కారు గీతకు ఎన్ని తరాలు పడుతుందోనని నేను లోలోపల లెక్కవేసుకున్నాను.

తాత కూడా బాయిలో చేసి రిటైరైనవాడే. కొడుకును తిట్టలేదు. "బాయిలకెళ్లి ఎక్కినంక మొఖం ఎండు తువ్వాలతోని రుద్దుకుంటవా?" అని అడిగాడు.

"రుద్దుకోను. తోలు లేస్తది."

"మరి దీనికి లెవ్వదా? గది దుమ్ము కాదురా, సన్న రాయి. ముందుగాల నీళ్లు పొయ్యి. చెయ్యి పెట్టకు. దానంతల అదే దిగుతది."

బాపు బకెట్ ఎత్తాడు. తాత మళ్లీ ఆపాడు. బానెట్ పెనంలా కాలుతోంది, ఆ వేడి మీద నీళ్లు పడితే మరకలు కడతాయట. మామ ఏ క్షణంలోనైనా రావచ్చు. మేమంతా ఒక కారు చల్లబడటం కోసం కాచుకుని కూర్చున్నాం. ఇంటి నీడ వాకిట్లోంచి టైరు మీదికి, టైరు మీంచి బానెట్ మీదికి పాకుతుంటే, బాపు కారు చుట్టూ తిరుగుతూ అరచెయ్యి ఆనించి చూస్తూనే ఉన్నాడు, జ్వరమొచ్చిన పిల్లాడిని చూసినట్టు.

చివరికి తాత తలూపాడు. బాపు కారు పైకప్పు మీదినుంచి చెంబుతో నీళ్లు పోశాడు. ఆయన స్నానం నీళ్ల రంగులోనే నల్లగా పారాయి. అవ్వ బట్టల సబ్బు పొడి తెచ్చింది. అది మెరుపును కూడా ఉతికేస్తుందని చెప్పి తాత, తలకు పెట్టుకునే షాంపూ తెమ్మన్నాడు. అవ్వ తన పాత నూలు చీర చింపి ఇచ్చింది. బాపు పైనుంచి కిందికి, పసిబిడ్డకు పోసినంత మెల్లగా తుడిచాడు. కింద మట్టిలో పడ్డ గుడ్డను తాత మళ్లీ కారు మీదికి రానివ్వలేదు. చక్రాలకు వేరే గుడ్డ, అదీ ఆఖరున.

కారు అద్దంలా మెరిసింది. అదే కొంప ముంచింది. దుమ్ములో సగం దాక్కున్న గీతలు ఇప్పుడు వీధి చివరికి కూడా కనిపిస్తున్నాయి. అప్పుడే మామ దోస్తు బండి దిగాడు. బాపు వెళ్లి బానెట్‌కు అడ్డంగా నిలబడ్డాడు.

"జరుగు బావా."

బాపు తాత వైపు చూశాడు. తాత గోడ వైపు చూశాడు. గోడ ఎవరి వైపూ చూడలేదు.

"నేనే గీసిన" అన్నాడు బాపు పక్కకు జరిగి. "ఎండు తువ్వాలతోని రుద్దిన. తెల్వలే." పెళ్లి విందు తర్వాత ఆయన మామతో అన్న మొదటి మాట అది.

మామ వంగి గీతల మీద వేలితో రాసి చూశాడు.

"కొన్నంక నేను గూడ ఒక్కపారి కడగలే బావా" అన్నాడు లేస్తూ. "నువ్వు గూడ ఎక్కు. మీ అత్త నిన్నే అడుగుతున్నది." బాపు ముందు సీటు తలుపు తీయగానే మళ్లీ అన్నాడు, "జర చెప్పులు దులుపుకో."

బాపు దులుపుకున్నాడు.

ఆ రోజునుంచి నాకో అలవాటు మిగిలింది. ఎవరైనా కోపంతో వస్తే వెంటనే తుడిచేయబోను. ముందు ఉన్నదంతా పారనిస్తాను. గరుకు దిగిపోయాక చెయ్యి పెడతాను. సగంసార్లు ఇది పనిచేస్తుంది. మిగతా సగం, నేను వినడం లేదనుకుని ఇంకో నాలుగు తిడతారు.

ఇక కారు కడగబోయేవాళ్లకు ఒక మాట. నీళ్లు పోసే ముందు అద్దాలన్నీ పూర్తిగా ఎక్కించి ఉన్నాయో లేదో చూసుకోండి. ఆ రోజు వెనక అద్దం కొంచెం దిగి ఉంది. మా అవ్వ పుట్టింటిదాకా తడి సీటు మీదే వెళ్లింది.