కొంగల మేతకు నా పాట

నెల్లూరు బజారులో పుట్టినవాడికి చవకగా వస్తుందంటే చాలు, చెయ్యి తనంతట తానే లేస్తుంది. పంతొమ్మిది వందల అరవైల్లో, దొరవారిసత్రం దగ్గర మా అత్తగారి ఊళ్లో చెరువు చేపల వేలంపాట జరుగుతుంటే అలాగే లేచింది. నా మీద ఇంకెవరూ పాడలేదు. పల్లెటూరి వాళ్లకు వ్యాపారమేం తెలుసని నవ్వుకున్నాను. కొట్టుకు సరుకు తేవలసిన డబ్బంతా ఆ నీళ్లలో పోశాను.

చెరువులో చెట్ల నిండా కొంగల గూళ్లు. కొంగల రెట్ట కలిసిన నీళ్లు పారితే పొలానికి వేరే ఎరువు అక్కర్లేదని ఆ ఊరి నమ్మకం. అందుకని కొంగపిల్లలు ఎగిరేదాకా తూము కొంచెం కొంచెంగానే ఎత్తుతారు. నీళ్లు లోతుగా ఉంటే కొంగ దిగి మేయలేదు, ఎండిపోతే మేతే ఉండదు. ఈ సంగతి నాకు వలలు కొన్నాక చెప్పారు.

తూము చూసే పెద్దాయన మా మామగారి వరస. ఆయన దగ్గరికి పరిగెత్తాను.

"రెండు తూములూ ఎత్తించు మామా. నీళ్లు దిగిపోతే నా చేపలు నేను పట్టుకొని పోతా."

"పిల్లలు ఎగరనీ అల్లుడా."

"ఎప్పుడెగురుతాయి?"

"వాటినే అడుగు."

"పోనీ ఒక్క తూము. అదీ సగం."

"ఇదేమన్నా మీ బజారా, కొసరేసేదానికి?"

రోజూ గట్టు మీద కూర్చుని, నా చేపలు కొంగల గొంతుల్లోకి జారడం చూసేవాణ్ణి. అదిలిస్తే ఊరు ఊరుకోదు. ఇంతలో ఎండ్రకాయలు, అదే పీతలు, తవ్విన బొక్కల వల్ల తూము పక్కన గట్టు కారడం మొదలైంది. నీళ్లతో పాటు చేపలు ఎవరెవరి పొలాల్లోకో పోతున్నాయి. తూములు ఎత్తమని కాళ్లావేళ్లా పడ్డవాణ్ణే పంచె ఎగ్గట్టి, తట్టలతో మట్టి మోసి ఆ బొక్కలు పూడ్చాను. చేతికందే దూరంలో కొంగలు నింపాదిగా మేస్తూనే ఉన్నాయి.

"చూడక్కా, కొంగలకు కూలోడు దొరికినాడు!" అంది నాట్లకు పోతున్న ఒకావిడ. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వారు.

ఆఖరికి పిల్లలు ఎగిరాయి, తూములు ఎత్తారు. వల లాగితే నత్తగుల్లలు, నాచు, పిల్లికి కూడా చాలని చేపపిల్లలు.

పెద్దాయన వలలోకి తొంగి చూసి, "ఈ యేడు పిల్లలు బలే పుష్టిగా ఎగిరినాయి అల్లుడా. అంతా నీ చలవే," అన్నాడు.

చలవట! ఆ చలవను తూచి అమ్మితే కొట్టులోకి ఒక్క బస్తా సరుకు వస్తుందా?