సీనియర్ వదిలి వెళ్ళిన సీవీ

ఇది మహాకావ్యంగా రాయాల్సిన కథ. సప్తసముద్రాలు దాటిన ముగ్గురు వీరులు, విధి ఆడిన వింత నాటకం, చివరికి విజయం. అలా మొదలుపెట్టాలనే కూర్చున్నాను. కానీ మేం దాటిన సముద్రాలన్నీ విమానంలో నిద్రపోతూ దాటినవే, వీరుల్లో ఒక్కడికీ డ్రైవింగ్ లైసెన్సు లేదు, కథంతా ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో ఒక ఫ్లాట్‌కీ ఒక ఆఫీసుకీ మధ్యే జరిగింది. కాబట్టి మామూలుగానే చెప్పేస్తాను.

ఆ రోజుల్లో, అంటే మరీ పురాణకాలం కాదు, మూడేళ్ళ క్రితం, ఇక్కడ మాస్టర్స్ చదివే మన పిల్లలందరికీ ఒకటే బెంగ: ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా ఏడాదిపాటు ఏదైనా కంపెనీలో చేయాల్సిన ఉద్యోగం. కోర్సు పేరులోనే ‘ప్లేస్‌మెంట్‌తో’ అని ఉంటుంది. అది యూనివర్సిటీయే ఇస్తుందని చుట్టాలందరికీ చెప్పి విమానం ఎక్కుతాం. వెతుక్కోవాల్సింది మనమేనని దిగాక తెలుస్తుంది. గడువులోపు దొరక్కపోతే రెండేళ్ళ కోర్సు ఏడాదికి కుదించుకుపోతుంది, దాని వెనకాలే వీసా కూడా. మా ఫ్లాట్‌లో ముగ్గురివీ వేరువేరు కోర్సులు. అందరికన్నా ముందు ముంచుకొస్తున్న గడువు నాది.

అలాంటి సమయంలో మా ఫోన్లలోకి ఒక యాప్ వచ్చింది. విద్యార్థులకు కోర్సులూ ఉద్యోగాలూ వెతికిపెట్టే యాప్. సీవీ ఎక్కిస్తే చాలు, ఏ ఉద్యోగం మనకు ఎంత శాతం సరిపోతుందో అదే చెబుతుంది. మొదటిరోజు నాకు తొంభై శాతం సరిపోయిన ఉద్యోగం గుర్రాల సంరక్షణ. అమ్మకు ఫోన్లో చెబితే, మిగతా పదీ ఎందుకు కలవలేదో కనుక్కోమంది. (ఆవిడ అప్పుడే అక్కకి సంబంధాలు చూస్తోంది, ఆ ఊపులో ఉంది.)

ఇక్కడ సీవీ గురించి చెప్పాలి. మనవాళ్ళు సీవీ రాయరు. అది సీనియర్ నుంచి జూనియర్‌కి సంక్రమిస్తుంది. మా ఫ్లాట్‌లో అంతకుముందున్న సీనియర్ మాంచెస్టర్ వెళ్ళిపోతూ రైస్ కుక్కర్, రెండు దుప్పట్లు, ఒక సీవీ వదిలి వెళ్ళాడు. కుక్కర్‌కి మూత పట్టేది కాదు గానీ సీవీ మాత్రం ఎవరికైనా పట్టేది. పైన పేరూ ఫోన్ నంబరూ మార్చుకోవడమే. అందులో ఒక ఆసుపత్రి ప్రాజెక్టుకు నాయకత్వం వహించాం, కాలేజీ వాలీబాల్ జట్టుకు కెప్టెన్‌గా చేశాం, తీరిక వేళల్లో పక్షులను గమనించాం. (ఇంగ్లీషువాళ్ళకు పక్షులంటే ప్రాణమని సీనియర్‌కి ఎవరో చెప్పారట.)

ఒకే చిరునామా, ఒకే జీవితం, ముగ్గురు మనుషులు, ఎవరికైనా అనుమానం రాదా అని నేను నసిగాను. మా ‘సర్పంచ్’ వరంగల్ వాడు. గిన్నెలు ఎవరు తోమాలన్న దగ్గర్నుంచి అన్ని తీర్పులూ వాడివే.

“ఎవడు చదువుతడురా? పొద్దంతా వాళ్ళకదే పనా? నొక్కు.”

“చదివేది యాప్ కదప్పా, మనిషి కాదు కదా,” అన్నాడు బాబాయ్. (కడప వాడు. మాకన్నా రెండేళ్ళు పెద్ద, అందుకే బాబాయ్.)

నొక్కాం. కనబడిన ప్రతి ఉద్యోగానికీ, ముగ్గురం, పోటీలు పడి నొక్కాం. వారాల తరబడి ‘విచారిస్తున్నాము’ అన్న జవాబులే. ఇంతమంది ఇంగ్లీషువాళ్ళు మా కోసం ఇంతగా విచారిస్తారని నేను ఊహించలేదు. ఇంతలో ఒక పొద్దున ముగ్గురికీ ఒకేసారి ఏదో కంపెనీ నుంచి కబురొచ్చింది: మీ ప్రొఫైల్ విషయమై మాట్లాడాలి, స్వయంగా రండి.

ఇంటర్వ్యూయే అనుకున్నాం, ఫ్లాట్ పెళ్ళిల్లయిపోయింది. ఉన్నది ఒకటే సూటు. కోటు బాబాయ్‌కి, ప్యాంటు సర్పంచ్‌కి, టై నాకు వచ్చాయి. దారంతా పక్షుల పేర్లు బట్టీపట్టాం. కార్ల కోసమే కట్టిన ఊరు కదా, రౌండ్‌అబౌట్ల పక్కన మూడు ముక్కల సూటులో నడుస్తున్న మమ్మల్ని చూసి ఒకావిడ కారాపి, ఏమైనా సాయం కావాలా అని అడిగింది. దారిలో కనబడింది ఒక పావురం. అది తనదని సర్పంచ్ ముందే ప్రకటించాడు.

ఆఫీసులో ఒక మేనేజరమ్మ, పక్కన కళ్ళ కింద నల్లటి వలయాలతో ఒక కుర్రాడు. అతను మమ్మల్ని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తర్వాత నెమ్మదిగా తల బల్ల మీద ఆనించాడు.

విషయం ఆవిడ చెప్పింది. అది ఆ యాప్ తయారుచేసే ఆఫీసు. ఒకే విద్యార్థి ముగ్గురుగా కనబడుతుంటే, యాప్‌లో ఏదో లోపముందని ఆ కుర్రాడు సెలవులు కూడా మానుకుని దానికోసం వెతుకుతున్నాడట. ఎంతకీ దొరక్కపోతే, ఈ ముగ్గురిలో నిజంగా ఎవరున్నారో పిలిచి చూద్దామనుకున్నారు. అంటే మేం వచ్చింది ఇంటర్వ్యూకి కాదు. లోపం మేమే, నడిచి వచ్చాం.

ఆవిడ నవ్వాపుకుని, ఇందులో నిజం ఏమైనా ఉందా అని అడిగింది. వాలీబాల్ నిజం, కెప్టెన్సీ కాదు అన్నాడు బాబాయ్. సర్పంచ్ పావురం సంగతి చెప్పాడు. నా వంతు వచ్చింది. గడువు దగ్గరపడ్డవాడికి సిగ్గు తక్కువ. ఏమీ పాడుచేయకుండానే మీ యాప్ పాడైందని మిమ్మల్ని నమ్మించాం, ఇలాంటివాళ్ళను యాప్‌లో లోపాలు పట్టే పరీక్షల పనికి పెట్టుకోరా అన్నాను, నాకొచ్చిన ఇంగ్లీషులో.

కుర్రాడు తలెత్తాడు. ఆవిడ, టెస్టింగ్‌లో ప్లేస్‌మెంట్ ఒకటి ఉందంది. ఒకటే.

ఆవిడ ముందే తెలుగులో పంచాయితీ మొదలైంది. నేను నోరు విప్పేలోపే బాబాయ్, “నువ్వు పోప్పా, నీ గడువే ముందుండేది,” అన్నాడు. కోటు విప్పి నాకు తొడిగాడు కూడా. అవసరం లేదని ఆవిడ చెబుతూనే ఉంది.

“తీర్పయిపోయింది,” అన్నాడు సర్పంచ్. “వీడే. మేం వేరేటివి చూస్కుంటం.”

చూసుకున్నారు. ఆ వారమే కూర్చుని, జీవితంలో మొదటిసారి, ఎవరి సీవీ వాళ్ళు రాసుకున్నారు. అరపేజీ కూడా రాలేదు గానీ ఇద్దరికీ దొరికాయి.

నేను ప్లేస్‌మెంట్ అయ్యాక అక్కడే ఉద్యోగంలో చేరాను. తన కోటు ఇచ్చేసి చొక్కాతో ఇంటికి నడిచిన బాబాయ్ గుర్తొచ్చినప్పుడు, ఆ టై కట్టుకుని ప్రపంచాన్ని జయించాననుకున్న కుర్రాడు, అంటే అప్పటి నేను, కూడా గుర్తొస్తాడు. వాడిని చూస్తే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా వేస్తుంది. ప్రపంచం గురించి వాడికున్నంత నమ్మకం నాకిప్పుడు లేదు. నాకున్నది ఒక పని: పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్ళకు ఈమెయిల్ వెళుతోందో లేదో ప్రతి సోమవారం చూడడం. వెళుతుంది. కనబడకపోతే స్పామ్‌లో చూసుకోవాలి.