వేలి గుంట పూడేదాకా

శనివారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి ఫోన్ వచ్చింది. మా మేనత్త ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. బీడీలు చుట్టి బతికిన మనిషి. ఆమె కొట్టిన చెప్పుదెబ్బ నా చెంప మీద ఇంకా మండుతూనే ఉంది, సహోదరులారా. ఆ దెబ్బకు స్తోత్రం చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా భార్యకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ చేసినప్పుడు చంకలోని గ్రంథులూ తీశారు. ఏడాదికి ఆ పక్క చెయ్యి వాచింది, గాజులు కోసి తీయాల్సి వచ్చింది. అపవాది పని అన్నాను. వాతలు పెట్టేవాణ్ణి పిలిపించాను. ఎండిపోయిన ఊచచెయ్యి గలవాణ్ణి ప్రభువు 'నీ చెయ్యి చాపు' అని బాగుచేసిన వాక్యం కేకలేసి చెబుతూ ఆమెను మోకాలితో అదిమిపట్టాను. కాలిన కొడవలి మొన మూడుసార్లు చర్మాన్ని తిన్నది. ఆమె అరుపును నా ప్రార్థనతో తొక్కేశాను.

నాలుగోది పడేలోపు అత్త వచ్చింది. నిప్పుల బొచ్చెను తన్నింది. చెప్పు తీసి నన్ను కొట్టింది.

"చెయ్యి చాపుమన్నడురా ప్రభువు, కాల్చుమనలే. సైతాను దీని చేతుల లేడు, నీ నోట్ల ఉన్నడు."

అత్తకూ అంతకుముందే అదే ఆపరేషన్ అయింది, అదే వాపు ఉంది. ఒక చెయ్యి వెడల్పుగా కుట్టించిన రవికలు తొడిగేది. ఎందుకని నేనెన్నడూ అడగలేదు.

మూడో రోజుకు వాతలు చీముపట్టి, చలిజ్వరంతో నా భార్య వణికిపోయింది. కామారెడ్డి ఆసుపత్రిలో నర్సు అదే చేతికి సూది పెట్టబోతే అత్త ఆమె మణికట్టు పట్టి ఆపింది. కుర్ర డాక్టరు, వాపు దానంతటదే తగ్గుతుందన్నాడు. అత్త తన చెయ్యి చాపింది.

"వేలుతోని ఒత్తి ఇడువు సారూ. గుంట పూడేదాంక చూడు."

ఒత్తాడు. గుంట ఎంతకీ పూడలేదు. గ్రంథులు తీస్తే నీరు పోయే దారి తెగుతుందని, ఇంకో చెయ్యి ఉండగా ఈ చేతికి సూది ఎందుకని, జ్వరం తగ్గాక వేళ్ల నుంచి పైకి కట్టు కట్టాలని, పట్నం ఆసుపత్రిలో తాను నేర్చుకున్నదంతా చెప్పింది. ఆయన చీటీ వెనక రాసుకున్నాడు. తర్వాత తన రోగులను ఆమె దగ్గరికే పంపాడు. బీడీల చాట పక్కకు జరిపి, వాళ్లకు కట్టు కట్టడం నేర్పేది. మా ప్రార్థన కూటాల్లోనూ నన్ను కూర్చోబెట్టి, ఆమెన్ అంటే చాలు, మిగిలింది తాను చెబుతానని నవ్వించేది.

చివరికి అత్త క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది.

సమాధి దగ్గరి నుంచి వచ్చాక నా భార్య కట్టు విప్పి చెయ్యి చాపింది. ఒత్తమంది. ఒత్తాను. నా వేలి గుంట మెల్లగా పూడింది. పక్కన మూడు వాతల గుంటలు అలాగే ఉన్నాయి.