మగ్గాల హోరులో నేర్చిన మాట

"ఓటొస్తే ఏం చేస్తావే డోర్కస్? జర్మనీ వాళ్లని పిలిచి టీ పోస్తావా?" అంది రొట్టెల కొట్టు మిసెస్ ఆగ్డెన్.

"ముందు నీ కొడుక్కి పోస్తాలే. వాణ్ణి ప్రాణాలతో ఇంటికి రానియ్యి!"

వీధికి ఇటువైపు నిలబడ్డ ఈనక్ చెవిన ఇందులో ఒక్క ముక్క పడలేదు. ఫ్రాన్సులో యుద్ధానికి వెళ్లినప్పుడు ఫిరంగి గుండు పక్కనే పేలి రెండు చెవులూ పోయాయి. అయినా కొట్టు అద్దంలోంచి గొడవంతా అర్థమైంది. ఇంగ్లండులోని లాంకషైర్ నేతషెడ్డులో పన్నెండేళ్లు చేసినవాడికి చెవులెందుకు? వెయ్యి మగ్గాలు మోగేచోట అందరూ పెదాలతోనే మాట్లాడతారు, కళ్లతోనే వింటారు.

డోర్కస్ అతని అక్క. నాలుగు మగ్గాలు నడిపే మనిషి. మొన్నటిదాకా ఆడవాళ్లకి ఓటు కావాలని మాత్రమే తిరిగింది, ఇప్పుడు యుద్ధం ఆపమని కూడా తిరుగుతోంది. కొడుకు క్లిఫర్డ్‌కి అక్టోబరులో పద్దెనిమిది నిండుతాయి. నిండితే సైన్యం పిలుస్తుంది. ఇంక పది వారాలే.

ఊరందరికీ అంత మంట పుట్టించే మాట ఏం చెబుతోందో చూద్దామని ఈనక్ శనివారం సభకి వెళ్లాడు. అక్క బండెక్కి నోరు తెరిచిందో లేదో, జనం రేకు డబ్బాలు బాదడం మొదలెట్టారు. మట్టిపెళ్ల ఒకటి టోపీకి తగిలింది. పక్కనున్న ఆడవాళ్లు దిగిపోదామని ఆమె చెయ్యి పట్టి లాగారు. డోర్కస్ దిగలేదు. అరవడం మాత్రం మానేసింది. శబ్దం లేకుండా, అవతలి మగ్గం మనిషితో చెప్పినట్టు పెదాలు సాగదీసి చెప్పసాగింది.

జనం చేతులు డబ్బాలు బాదుతూనే ఉన్నాయి. కళ్లు మాత్రం మగ్గాల దగ్గరి అలవాటు కొద్దీ ఆమె మూతి మీదికి పోయాయి. పెళ్లికి ముందు షెడ్డులో చేసిన మిసెస్ ఆగ్డెన్ కళ్లు కూడా.

"మీ వాడి పేరు తలుచుకోండి. చచ్చినవాళ్ల జాబితాలో అది అచ్చయ్యేదాకా ఆగుదామా?"

మిసెస్ ఆగ్డెన్ డబ్బా కిందికి దిగింది. తర్వాత ఇంకొకటి. ఇంకా కొన్ని.

ఇంటికి నడుస్తుంటే ఈనక్ ఆగలేకపోయాడు. "అక్కా, ఆపేశారే!"

"మెల్లిగా మాట్లాడరా నాయనా! చెవులు పోయినప్పట్నుంచీ నీ గొంతు పక్క ఊరికి వినిపిస్తోంది."

ఆ మాట అన్నాక ఏదో తట్టి ఆమె నడక ఆపింది. పెదాలు కనబడేలా అతనికి ఎదురుగా వచ్చి నిలబడింది.

"వచ్చే శనివారం బొగ్గుగనుల ఊళ్లో సభ. వాళ్లకి పెదాలు చదవడం రాదు. నా గొంతు డబ్బాల మోత మీదికి లేవదు, నీది లేస్తుంది. ఆ గుండు పడ్డ రోజు సంగతి నువ్వు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకూ చెప్పక్కర్లేదు. నా పక్కన బండెక్కి వాళ్లకి చెబుతావురా, ఈనక్?"