డేవిడ్ సార్ జీపు బ్రేకులు

డెబ్బైల చివర్లో నాకు నంద్యాలకు బదిలీ అయింది. ఉద్యోగం పేరు మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు. జనం నోట మాత్రం బ్రేకు ఇన్‌స్పెక్టరు. లైసెన్సులు, లారీల ఫిట్‌నెస్‌లు రోజూ ఉండే పనులు. ప్రమాదం జరిగితే పోలీసులు కబురు పెట్టేవారు. బండిని పరీక్షించి, కారణం యంత్రలోపమో కాదో రాసివ్వాలి. తర్వాత కోర్టులో ఆ మాట మీద నిలబడాలి.

మరుసటి ఏడు ఆళ్లగడ్డ నుంచి అలాంటి కబురే వచ్చింది. డేవిడ్ అక్కడ హైస్కూల్లో సైన్సు టీచరు. మిలిటరీ వేలంలో పాత జీపు కొని, దాని రిపేరు మాన్యువల్ సంపాదించి, పనులన్నీ ఇంట్లోనే చేసుకునేవాడు. ఒక ఆదివారం భార్య కరుణమ్మతో నంద్యాల చర్చికి బయలుదేరాడు. సిరివెళ్ల దగ్గర వేరుశనక్కాయల బండి అడ్డమొస్తే బ్రేకు తొక్కాడు. పెడలు నేలకంటిపోయింది. పక్కకు తిప్పితే జీపు కల్వర్టు గోడకు కొట్టుకుంది. కరుణమ్మ అక్కడే చనిపోయింది. ఆయనకు చెయ్యి విరిగింది.

ఫిర్యాదు ఇచ్చింది కరుణమ్మ తమ్ముడు యోహాను. నేను జీపు కిందికి దూరేలోపే వచ్చి నిలబడ్డాడు.

"బుక్కు జూసి బ్రేకులు ఇప్పినాడు సార్. మా అక్కను సంపినాడు. అదే రాయండి."

ముందు చక్రానికి పోయే రబ్బరు గొట్టం పగిలి ఉంది. ఆ రకం జీపుల్లో ఒక్క గొట్టం పగిలితే చాలు, ఆయిలంతా కారిపోయి నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. తక్కినవన్నీ విప్పించి చూశాను. బిగింపులు, రాగి వాషర్లు అన్నీ మాన్యువల్లో చెప్పినట్టే ఉన్నాయి. పగిలిన గొట్టం కొత్తది. కోసి చూస్తే లోపల ఒత్తిడికి ఆగే నూలు అల్లిక లేదు, వట్టి రబ్బరే. నకిలీ సరుకు.

డేవిడ్‌ను ఆసుపత్రిలో కలిశాను. ఏ మెకానిక్కుకైనా చూపించావా అని అడిగాను.

"ల్యా సార్. కంపెనీ డబ్బానే అడిగి తెచ్చినా. బుక్కులో ఉన్నట్టే బిగిచ్చినా." తర్వాత తనే అన్నాడు: "బ్రేకు ఆయిల్లో గాలి తీసేదానికి ఇద్దరు కావాల గదా సార్. నేను కింద పండుకొని చెప్తాంటే కరుణమ్మే తొక్కింది పెడలు. గట్టిగా తొక్కు, ఇంకా గట్టిగా అన్నా. అప్పుడు పగల్లా."

బిగింపులో తప్పు లేదని, గొట్టం నకిలీదని రాశాను. కోర్టులోనూ అదే చెప్పాను. కేసు కొట్టేశారు. బయట యోహాను నన్ను ఆపాడు.

"బుక్కు మంచిదే, మా బావా మంచోడే అంటివి. మరి మా అక్క యాడుంది సార్?"



గొట్టం అమ్మిన అంగడి నంద్యాలలోనే ఉంది. వెళ్తే అవే డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. "పైనుంచి ఏదొస్తే అదే అమ్ముతాండాము. మాకేం తెలుస్తాదప్పా?" అన్నాడు యజమాని. పై అధికారికి రాశాను. బండ్లు చూడటం వరకే మన పని, అంగళ్ల జోలి మనకు వద్దని ఆయన కబురు చేశారు.

డేవిడ్ జీపును పాత ఇనుముకు ఇచ్చేశాడు. ఆయన మీద మచ్చ మాత్రం పోలేదు. ఎనభైల్లో నేను నంద్యాల నుంచి బదిలీ అయ్యేదాకా, ఎవరైనా ఇంట్లో మాన్యువల్ తెరిస్తే ఆళ్లగడ్డ మెకానిక్కు షెడ్లలో ఒకే మాట వినిపించేది: "డేవిడ్ సార్ మాదిరి పెండ్లాన్ని పోగొట్టుకుంటావా?" ఆ మాట అంటూనే వాళ్లు బిగించే గొట్టాలూ ఆ అంగడివే.

రిపేరు మాన్యువల్ మంచి పుస్తకం. ఏది ముందు విప్పాలో, ఎంత బిగించాలో మెకానిక్కు కంటే ఓపికగా చెబుతుంది. సొంత బండి ఉన్నవాళ్లు దాన్ని చదవాలనే ఇప్పటికీ చెబుతాను. కానీ అది అసలు సరుకును నమ్మి రాసిన పుస్తకం. షెడ్డులో బాగుచేసిన బండికి ఏమైనా అయితే జనం బండిని తిడతారు. ఇంట్లో బాగుచేసుకున్నదైతే మనిషిని తిడతారు. నా రిపోర్టు డేవిడ్‌ను జైలుకు పోకుండా ఆపింది. అంతకుమించి దానివల్ల ఏమీ కాలేదు.