హాలును పడగొట్టిన ఆమెన్

నా చిన్నప్పుడంటే మరీ రాజుల కాలం కాదు లెండి. పలాసలో అపార్టుమెంట్లు అప్పుడప్పుడే తలెత్తుతున్నాయి. మా చర్చి పక్కన దొరల కాలం నాటి పెంకుల హాలు ఒకటి ఉండేది. వానొస్తే బయటకంటే లోపలే ఎక్కువ కురిసేది. అయినా మా అమ్మమ్మకు అదంటే ప్రాణం. ఆమె పెళ్ళి విందు జరిగింది అందులోనే. తుఫానుకు సముద్రం ఒడ్డునున్న అక్కుపల్లి వైపు నుంచి పరుగెత్తుకొచ్చినవాళ్ళకు ఆమె గంజి కాచి పోసిందీ అందులోనే.

ఆ స్థలంలో ఐదంతస్తుల మేడ కడతానని ఒక బిల్డరు వచ్చాడు. స్థలం చర్చిది కాబట్టి మా చర్చి సంఘం ఒప్పుకుంటేనే కుదురుతుంది. అమ్మమ్మ ఒప్పుకోనంది. ఆమె మాట మీద సగం సంఘం నిలబడింది. సంఘ పెద్ద మా మావయ్య, అంటే అమ్మమ్మ కొడుకే. "నానుండగా హాలు మీద సెయ్యి ఎవుడేత్తాడే అమ్మా" అని ఆమె చేతిలో చెయ్యేసి చెప్పాడు. ఆమె నమ్మింది. నేనూ నమ్మాను, నాకు పకోడీలు కొనిపెట్టేది ఆయనే మరి.

ఆ ఆదివారం ఆరాధన చివర మావయ్య ప్రార్థన మొదలెట్టాడు. అందరం కళ్ళు మూసుకున్నాం. ప్రార్థన పొడుగైతే మా జనం సగం వింటారు, మిగతా సగం ఇంట్లో కూర గురించి ఆలోచిస్తారు. రోగులు, వానలు, జీడిపంట, పరీక్షలు రాసే పిల్లలు అన్నీ అయ్యాక, అదే రాగంలో, "ఈ హాలు స్థలంలో లేవబోయే మేడను, దానికి మేమిస్తున్న సమ్మతిని దీవించు తండ్రీ" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా అమ్మమ్మ అంది. కొడుకు ప్రార్థన చేస్తే ఆమె ఎప్పుడూ అంతే.

కళ్ళు తెరిచేసరికి, సంఘమంతా ఒప్పుకుందని మావయ్య ప్రకటించేశాడు.

"ఏట్రా ఇది" అంది అమ్మమ్మ.

"దేవుడి ముందు అందరికంటే ముందు ఆమెన్ నువ్వే అన్నావు కదే అమ్మా."

"పార్దనకన్నాన్రా. నీ మేడకి కాదు."

ఆమె పక్షాన ఉన్నవాళ్ళంతా ఆమె ముఖం కేసే చూశారు. దేవుడి ముందు అన్న మాట వెనక్కి తీసుకునే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఆమెకు కూడా. ఇంటికి నడుస్తుంటే ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "పరాయోడైతే సివరి దాకా ఇనుండేదాన్ని" అని మాత్రం అంది.

హాలు పోయింది. మేడ లేచింది, దానికి భక్తిగల పేరు కూడా పెట్టారు. నాకు మాత్రం ఒక అలవాటు మిగిలింది. కొత్తవాళ్ళు ఏం చెప్పినా ఇట్టే తలూపేస్తాను. నన్ను ప్రేమించేవాళ్ళు మాట్లాడితేనే ఒక్కో మాటా పట్టి చూస్తాను. మా ఆవిడ అన్నం ముందు రెండు ముక్కలు ప్రార్థన చేసినా, అదంతా మనసులో మరోసారి తిరగేసుకున్నాకే ఆమెన్ అంటాను. ఈలోగా ఆమె తినడం మొదలుపెట్టేస్తుంది.