ఆగితే ఆరిపోయే నక్షత్రం

ఆ రోజుల్లో ఇంజనీరింగ్‌లో చేరితే చాలు, మర్నాటికల్లా ఇంజనీరైపోయినట్టే. నేను తాడేపల్లిగూడెంలో ఎలక్ట్రానిక్స్ రెండో సంవత్సరం చదువుతుండగా, ఏలూరులో మా వీధిలో మిక్సీ తిరగకపోయినా, టీవీలో గీతలొచ్చినా నాకే కబురు. (నేను విప్పినవాటిలో మళ్లీ బిగించినవి తక్కువేననుకోండి.) ఇదంతా చూసి పొంగిపోయేది మా నాన్న ఒక్కరే. పెదనాన్న మాత్రం ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక, "ఆడపిల్లకి వైర్లెందుకురా? హాయిగా టీచర్ ట్రైనింగ్‌లో వేసెయ్" అని తమ్ముడికి గుర్తుచేసేవారు.

ఆ ఏడు క్రిస్మస్ నాటకంలో జ్ఞానులకి దారి చూపే నక్షత్రాన్ని తాడుతో లాగక్కర్లేదని నాన్న సంఘపెద్దలకు మాటిచ్చేశారు. "మా అమ్మాయి చేస్తుందండీ. దానంతటదే నడుస్తుందండీ, వెలుగుతుందండీ." మా మేనమామ కువైట్ నుంచి తెచ్చిన రిమోట్ బొమ్మ జీపు, దానిమీద కర్ర, కర్రకి అట్ట నక్షత్రం, నక్షత్రం చుట్టూ తెల్ల ఎల్.ఇ.డి.లు. పెదనాన్న అంతా విని, "వెలిగితే సరే. లేదంటే జూన్‌లో ట్రైనింగే" అన్నారు. నాన్న తలూపేశారు!

జీపు విప్పి లోపలి బోర్డు చూస్తే నాకు చెమటలు పట్టాయి. మోటారుకి వెళ్లే రెండు వైర్లు మాత్రం పాపం చేతికందేలా ఉన్నాయి. ఎల్.ఇ.డి.లని వాటికే కలిపేశాను. జీపుని బోర్లించిన గిన్నె మీద పెట్టి రిమోట్ మీట నొక్కితే చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి, నక్షత్రం ధగధగలాడుతోంది. వదిలితే ఆరిపోతోంది. 'అబ్బ, బ్యాటరీ కూడా మిగులుతుందే' అని నా తెలివికి నేనే మురిసిపోయాను. నాన్న పక్కనే కూర్చుని చూశారు.

నాటకం రోజు చర్చిలో దీపాలార్పారు. జీపు నడిమధ్యన వయ్యారంగా సాగింది. వెనకాల అమ్మల పట్టుచీరలు కప్పుకుని ముగ్గురు జ్ఞానులు. మైకులో పెదనాన్న గంభీరంగా, "నక్షత్రం శిశువున్న చోటికి వచ్చి... ఆగెను!" అన్నారు.

మీట వదిలాను. చిమ్మచీకటి.

ఆ కథే అప్పజెప్పి సండే స్కూల్లో బహుమతి కొట్టినదాన్ని! నక్షత్రం అసలు పనే ఆగి వెలగడమని అప్పటిదాకా తట్టలేదు. పెదనాన్న మళ్లీ, "ఆగెను" అన్నారు. కంగారులో మీట నొక్కాను. వెలిగింది, వెలిగి వెళ్లి పశువుల తొట్టిని ఢీకొట్టింది. బాలయేసు బొమ్మ గడ్డిలోంచి దొర్లిపోయింది. మరియమ్మ వేషంలో ఉన్న పెదనాన్న కూతురు, "ఒసేయ్, ఆపవే!" అని కేకేసింది. ఆపాను. మళ్లీ చీకటి. నా చదువు అక్కడితో సరి అనుకున్నాను.

ఇంతలో ముందు వరసలోంచి ఎవరో లేచిన చప్పుడు. "నువ్వు నొక్కమ్మా" అంది నాన్న గొంతు. నొక్కాను. నక్షత్రం వెలిగింది, కదల్లేదు. ఇస్త్రీ చొక్కాతో నేలమీద మోకాళ్లూని, జీపు వెనక చక్రాలని గాల్లోకి ఎత్తిపట్టుకుని ఉన్నారు నాన్న.

"ఏరా, ఇదా ఇంజనీరింగూ?" అన్నారు పెదనాన్న, మైకు ముందున్న సంగతి మరిచిపోయి.

"అవునన్నయ్యా. వైరింగు అమ్మాయిది, స్టాండు నాది."

చర్చంతా గొల్లుమంది. పెదనాన్న కూడా నవ్వేశారు. జూన్ వచ్చినా ట్రైనింగ్ మాట ఎత్తలేదు. క్రిస్మస్ పాట నాలుగు చరణాలూ అయ్యేదాకా నాన్న చెయ్యి దించలేదు.

ఇప్పుడు నేను పిల్లలకి సర్క్యూట్లు చెబుతున్నాను. (చివరికి టీచర్‌నే అయ్యాను, పెదనాన్న మాటే నెగ్గింది.) ఎవరు ఏం వెలిగించి తెచ్చినా, "ఆగితే?" అని అడుగుతాను. ఆ రాత్రి నక్షత్రం తన వైరింగు వల్లే వెలిగిందని అప్పటి నాలోని రెండో సంవత్సరం పిల్ల చాలాకాలం నమ్మింది, పిచ్చిది.